కోబాట్‌ను (మనుషుల పక్కన పనిచేసే రోబో చెయ్యి) ఫ్రీడ్రైవ్‌ల (చేత్తో నెట్టి కదిపే పద్ధతి) పెడితే చెయ్యి కిందికి జారుతుంది, ఒక్కోసారి అసలే కదలదు. ఎక్కడ చూడాలె?

జడ్చర్ల_ప్యాకింగ్

అందరికీ నమస్తే. కార్టన్లు పెట్టెల సర్దే స్టేషన్ల యూఆర్10ఈ అనే కోబాట్ ఉన్నది. పెండెంట్ (రోబోను నడిపే స్క్రీన్ పలక) వెనుక మూడు స్థానాల బటన్ ఉన్న రకం, సాఫ్ట్‌వేర్ పాలీస్కోప్ 5. చేత్తో పట్టుకొని పాయింట్లు నేర్పేటప్పుడు మూడు ఇబ్బందులు వస్తున్నయి.

ఒకటి, ఫ్రీడ్రైవ్‌లకు పోంగనే చెయ్యి మెల్లగ కిందికి దిగుతది, పది సెకన్లకు 60-70 మిల్లీమీటర్లు. అదే టైముల చివరి రిస్ట్ (గ్రిప్పర్‌ను తిప్పే జాయింట్, రిస్ట్ 3) ఎడమకు తిరుగుతది.

రెండు, కొన్నిసార్లు బటన్ నొక్కి పట్టినా ఫ్రీ కాదు, ఆగిపోతది. మళ్ల రెండు మూడు సార్లు నొక్కితే వస్తది.

మూడు, కన్వేయర్ దిక్కు తీసుకపోతుంటే ఒకచోట గోడకు తగిలినట్టు బరువెక్కి వెనుకకు నెడుతది.

గ్రిప్పర్ మార్చినం. పాతది నాలుగు వాక్యూమ్ కప్పులు, కొత్తది ఎనిమిది కప్పులు. ప్రోగ్రామ్ ఆటోల నడుస్తనే ఉన్నది, అప్పుడప్పుడు ప్రొటెక్టివ్ స్టాప్ (రోబో తనంతట తనే ఆగుడు) వస్తది. షోల్డర్ జాయింట్ మార్చాల్సి వస్తదేమో అని బిగించినవాళ్లు అంటున్నరు. అంతదూరం పోకముందే మేము ఏమేం చూసుకోవాలె?

నల్గొండ_కంట్రోల్స్

జాయింట్ మాట చివరికి పెట్టండి. ఆటోలో పని జరుగుతోందంటే మోటార్లు, ఎన్‌కోడర్లు బాగానే ఉండి ఉండాలి.

ఫ్రీడ్రైవ్ అంటే మోటార్లు ఆపేయడం కాదు. చెయ్యి తన బరువునూ గ్రిప్పర్ బరువునూ తనే లెక్క కట్టుకుని, సరిగ్గా అంత టార్క్ ఇస్తూ గాలిలో నిలబడుతుంది. మీరు నెట్టేటప్పుడు చేతికి తగిలేది మిగిలిన రాపిడి మాత్రమే. ఆ లెక్కకు మనం ఇచ్చేవి మూడే: పేలోడ్ (చెయ్యి చివర మోసే బరువు) ఎన్ని కిలోలు, దాని సీజీ (బరువు కేంద్రం) ఎక్కడుంది, బేస్ ఏ కోణంలో బిగించి ఉంది. మూడింటిలో ఏది తప్పినా చెయ్యి జారుతుంది. ఆటోలో నడిచేటప్పుడు పొజిషన్ కంట్రోల్ ఆ తప్పును మోసుకుపోతుంది కాబట్టి కంటికి కనబడదు, హద్దు దాటినప్పుడు ప్రొటెక్టివ్ స్టాప్‌గా బయటపడుతుంది. మీ స్టాప్‌లు కూడా ఇందులోవే కావచ్చు.

జారే దిక్కు చూడండి, సగం జవాబు అందులోనే ఉంటుంది. కిందికి దిగితే అసలు బరువు కంటే తక్కువ రాశారు. పైకి లేస్తే ఎక్కువ రాశారు. బేస్ జాయింట్ ఒక్కటే పక్కకు తిరుగుతుంటే పేలోడ్‌ను అనుమానించకండి. నిటారుగా నిలబెట్టిన చెయ్యికి బేస్ ఇరుసు నిలువుగా ఉంటుంది, దాని మీద బరువు వల్ల టార్క్ పడదు. అప్పుడు చూడాల్సింది మౌంటింగ్ కోణం, లేదా గాలి పైపు లాగడం.

చివరి రిస్ట్‌కు కూడా ఇదే కిటుకు. గ్రిప్పర్‌ను సరిగ్గా నేల వైపు నిలువుగా పెట్టి ఫ్రీడ్రైవ్ పట్టండి. అప్పుడూ తిరిగితే పైపు మెలిక. గ్రిప్పర్ అడ్డంగా ఉన్నప్పుడు మాత్రమే తిరిగితే సీజీ తప్పు.

ఇన్‌స్టలేషన్‌లో (రోబో సెట్టింగుల ఫైల్) ఇప్పుడు ఉన్న పేలోడ్, సీజీ ఎంత? కొత్త గ్రిప్పర్ అసలు తూకం ఎంత? రెండూ ఇక్కడ పెట్టండి.

జడ్చర్ల_ప్యాకింగ్

ఇన్‌స్టలేషన్ల 1.2 కిలోలు, సీజీ 0, 0, 45 మిల్లీమీటర్లు ఉన్నది. అంటే పాత గ్రిప్పర్‌దే. కొత్తది విప్పి కాటా మీద పెట్టినం. ప్లేటు, ఎజెక్టర్, బ్రాకెట్, బోల్టులు, కప్పులు అన్ని కలిపి 3.1 కిలోలు.

నేల దిక్కు నిలువుగ పెట్టి చూసినం, రిస్ట్ తిరుగుతలేదు. అడ్డం పెడితే తిరుగుతుంది.

కొత్తూరు_కోబాట్

ఇంక అనుమానం లేదు తమ్మీ. 1.9 కిలోల తేడా అంటే చిన్నది కాదు. చెయ్యి 1.1 మీటర్ చాపి ఉన్నప్పుడు షోల్డర్ మీద 1.9 × 9.81 × 1.1, అంటే 20 న్యూటన్ మీటర్ల పైన లెక్కల లేని టార్క్ పడుతుంది. అందుకే దిగుతుంది. చెయ్యి దగ్గరికి ముడుచుకొని చూడు, జారుడు తగ్గుతది. దూరం తగ్గితే టార్క్ తగ్గుతది కదా. తగ్గకుండ ఒకే తీరు జారితే అప్పుడు జాయింట్ గురించి ఆలోచించాలె.

ఇప్పుడు సరిచేసే పద్ధతి. ఇన్‌స్టలేషన్ల పేలోడ్ పేజీకి పోయి కొలిచే విజార్డ్ తెరువు. అది నాలుగు భంగిమలు అడుగుతది. ఆడనే ఎక్కువమంది తప్పు చేస్తరు: నాలుగు భంగిమలు దగ్గర దగ్గరగ ఇస్తరు. గ్రిప్పర్ దిశ ప్రతిసారి బాగ మారాలె. ఒకసారి కిందికి, ఒకసారి అడ్డం, అదే అడ్డంల రిస్ట్ 3ను 90 డిగ్రీలు తిప్పి ఇంకోసారి, తరువాత ఏటవాలుగ ఒకటి. ప్రతి భంగిమల చెయ్యి పూర్తిగ నిలబడినంక, గ్రిప్పర్‌ను ఎవరూ ముట్టుకోకుండ సెట్ చెయ్యాలె. కప్పులకు కార్టన్ అంటుకొని ఉండొద్దు.

గాలి పైపు సంగతి మరవకు. పైపు బిగుసుకొని గ్రిప్పర్‌ను లాగుతుంటే సెన్సర్ ఆ లాగుడును కూడ బరువు అనుకుంటది. వీలైతే కొలిచేటప్పుడు పైపును గ్రిప్పర్ దగ్గర ఊడదీయి. విజార్డ్ ఇచ్చిన బరువు కాటా బరువుతోని పోల్చు. 100-150 గ్రాములకు మించి తేడా ఉంటే ఆ సీజీని నమ్మకు, మళ్ల చెయ్యి.

మిర్యాలగూడ_మిల్లు_టెక్

ఒక చిన్న మాట. మార్చిన విలువలు ఇన్‌స్టలేషన్‌లో సేవ్ చేయండి. స్క్రీన్ మీద మార్చి వదిలేస్తే కరెంటు పోయి వచ్చాక పాత 1.2 తిరిగి వస్తుంది, మళ్లీ మొదటికే. ఇన్‌స్టలేషన్ ఫైల్ వేరు, ప్రోగ్రామ్ ఫైల్ వేరు. రెండూ సేవ్ కావాలి.

జడ్చర్ల_ప్యాకింగ్

విజార్డ్ చేసినం. 3.14 కిలోలు, సీజీ మైనస్ 12, 38, 92 వచ్చింది. ఇన్‌స్టలేషన్ సేవ్ చేసినం. ఫ్రీడ్రైవ్‌ల ఇప్పుడు పెట్టినకాడ నిలబడుతుంది.

కాని ప్రోగ్రామ్ ఒక గంట నడిపి ఆపినంక మళ్ల ఫ్రీడ్రైవ్ పడితే పాత లెక్కనే జారుతుంది. రీస్టార్ట్ చేస్తే మంచిగైతది. సేవ్ అయితే అయ్యింది, చూసినం.

నల్గొండ_కంట్రోల్స్

మంచి వివరం ఇచ్చారు. ప్రోగ్రామ్‌లో ఎక్కడో పేలోడ్ మార్చే లైన్ ఉంది. ప్రోగ్రామ్ చివరిసారి పెట్టిన పేలోడే ఫ్రీడ్రైవ్ వాడుకుంటుంది, ఇన్‌స్టలేషన్‌లో ఏమి రాసి ఉన్నా సరే. ఇనిషియలైజ్ స్క్రీన్‌లో యాక్టివ్ పేలోడ్ అని అంకె కనిపిస్తుంది. ప్రోగ్రామ్ ఆపిన వెంటనే అక్కడ చూడండి, 1.2 ఉంటే దొంగ దొరికినట్టే.

వెతకాల్సిన చోట్లు: బిఫోర్ స్టార్ట్ (ప్రోగ్రామ్ మొదట్లో నడిచే) భాగం, ప్రతి సెట్ నోడ్, స్క్రిప్ట్ లైన్లలో set_payload, set_target_payload అనే పిలుపులు, ఇంకా గ్రిప్పర్‌తో వచ్చిన యూఆర్‌క్యాప్ (అదనపు సాఫ్ట్‌వేర్). కొన్ని యూఆర్‌క్యాప్‌లు పట్టు, వదులు కమాండ్‌లలోనే పేలోడ్ మార్చేస్తాయి.

కొత్తూరు_కోబాట్

దానికి కలిపి ఇంకొకటి. కార్టన్ పట్టుకున్నప్పుడు, వదిలినప్పుడు రెండు వేరు పేలోడ్‌లు ఉండాలె. కార్టన్ ఎంత బరువు? నీ కార్టన్ 2.4 కిలోలు, దాని సీజీ ఫ్లాంజ్ (గ్రిప్పర్ బిగించే చెయ్యి చివర) నుంచి 210 మిల్లీమీటర్ల దూరంల నడిమధ్య ఉన్నదనుకో. మొత్తం 3.1కి 2.4 కలిపితే 5.5 కిలోలు. సీజీ లెక్క ఇట్ల:

జెడ్: 3.1 × 92 + 2.4 × 210 = 789, దాన్ని 5.5తోని భాగిస్తే 143 మిల్లీమీటర్లు.
వై: 3.1 × 38 = 118, 5.5తోని భాగిస్తే 21.
ఎక్స్: మైనస్ 37ను 5.5తోని భాగిస్తే మైనస్ 7.

వాక్యూమ్ స్విచ్ పట్టింది అని చెప్పినంకనే 5.5 పెట్టు, వదిలి గాలి ఊదినంక 3.1 పెట్టు. పట్టకముందే 5.5 పెడితే చెయ్యి పైకి లేస్తది. కార్టన్ పట్టుకొని ఉండంగ ప్రోగ్రామ్ ఆపి, చేత్తో పక్కకు తీయాల్సి వచ్చిన రోజు ఇది అక్కరకొస్తది. లేకుంటే మనిషి చేతుల మీదికి దిగుతది.

యూఆర్10ఈ 12.5 కిలోల దాకా మోస్తదని, సీజీ దూరం పెరిగితే ఆ హద్దు తగ్గుతదని కూడ గుర్తు పెట్టుకో.

మిర్యాలగూడ_మిల్లు_టెక్

ఆ చివరి మాట మా మిల్లుల వాళ్లకు ముఖ్యం. 26 కిలోల బియ్యం బస్తా ఎత్తడానికి ఈ సైజు చెయ్యి గురించి అడిగేవాళ్లు చాలామంది. అది ఈ చెయ్యి పని కాదు.

చౌటుప్పల్_ఎలక్ట్రికల్

రెండో ఇబ్బంది గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను.

మూడు స్థానాల బటన్ ఎట్లా పనిచేస్తుందో ఆపరేటర్లకు చెప్పకపోతే ఇదే జరుగుతుంది. వదిలితే ఆగుడు. మెల్లగా సగం నొక్కితే అనుమతి. గట్టిగా చివరిదాకా నొక్కితే మళ్లీ ఆగుడు. భయపడ్డ మనిషి చెయ్యి బిగిస్తాడు, లేదా వదిలేస్తాడు. రెండింటిలోనూ యంత్రం ఆగాలి కాబట్టే అట్లా చేశారు. ఫ్రీడ్రైవ్‌లోకి పోవాలంటే మెల్లగా నొక్కి, వదిలి, మళ్లీ మెల్లగా నొక్కి పట్టాలి. చెయ్యి బరువుగా అనిపించినప్పుడు మనిషి తెలియకుండానే పెండెంట్‌ను బిగిస్తాడు, బటన్ చివరిదాకా పోతుంది, చెయ్యి ఆగుతుంది. పేలోడ్ తప్పు ఉన్నప్పుడు ఈ ఇబ్బంది ఎక్కువ కావడానికి కారణం ఇదే.

తరువాత చూడాల్సింది ఆపరేషనల్ మోడ్. ఆటోమేటిక్‌లో ఉంటే ఫ్రీడ్రైవ్ రాదు, మాన్యువల్‌కు మార్చాలి. రిమోట్ కంట్రోల్‌లో ఉన్నా రాదు. ప్రోగ్రామ్ నడుస్తుంటే పెండెంట్ బటన్‌తో రాదు.

గ్రిప్పర్ మీద విడిగా ఫ్రీడ్రైవ్ బటన్ ఏమన్నా పెట్టారా?

జడ్చర్ల_ప్యాకింగ్

అవును సార్, పెట్టినం. గ్రిప్పర్ ప్లేటు పక్కన ఒక పుష్ బటన్, దాని వైరు చెయ్యి పొడుగునా పైపుతోని కలిపి కట్టి కంట్రోల్ బాక్స్‌ల డిజిటల్ ఇన్‌పుట్‌కు ఇచ్చినం. ఇన్‌పుట్‌కు ఫ్రీడ్రైవ్ యాక్షన్ పెట్టినం. ఎక్కువ ఆగేది దీనితోనే.

చౌటుప్పల్_ఎలక్ట్రికల్

అయితే వైరు ముందు. ఐఓ ట్యాబ్ తెరిచి ఆ ఇన్‌పుట్ లైటును ఒకరు చూస్తూ ఉండాలి. ఇంకొకరు బటన్ నొక్కి పట్టి, ఎల్బో దగ్గరా రిస్ట్ 1 దగ్గరా వైరును వంచాలి. లైటు మిణుకుమంటే లోపల తీగలు తెగుతున్నాయి. మామూలు ప్యానెల్ వైరు జాయింట్ దగ్గర వంగి వంగి కొన్ని నెలల్లోనే తెగుతుంది. సన్నని తీగలు ఎక్కువ ఉన్న రోబో కేబుల్ వాడాలి, జాయింట్ దగ్గర వదులు ఇవ్వాలి, జిప్ టై జాయింట్‌కు దూరంగా లింక్ మధ్యలో కట్టాలి.

వైరు బాగుంటే మల్టీమీటర్ పెట్టండి. బటన్ నొక్కినప్పుడు ఇన్‌పుట్ దగ్గర 24 వోల్టులు రావాలి. ఎవరైనా ఈ బటన్‌ను చెయ్యి చివరన ఉన్న టూల్ కనెక్టర్‌కు కలిపితే మరో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఆ ఇన్‌పుట్‌లు పీఎన్‌పీ రకం, బలహీనమైన పుల్‌డౌన్ (ఏమీ కలపకుంటే సున్నాకు లాగే రెసిస్టర్) ఉంటుంది, కాబట్టి బటన్ ప్లస్‌ను ఇవ్వాలి. మైనస్‌ను కలిపితే ఎప్పటికీ సున్నానే చూపిస్తుంది. రెండోది, టూల్ వోల్టేజ్ సెట్టింగ్ 0, 12, 24 అని మూడు ఉంటాయి. 0లో ఉంటే బటన్‌కు కరెంటే రాదు.

పాలమూరు_సేఫ్టీ

ఇక్కడ నేను గట్టిగానే చెప్పాలె. డిజిటల్ ఇన్‌పుట్‌కు కలిపిన మామూలు పుష్ బటన్ సేఫ్టీ పరికరం కాదు. దానికి ఒకే తీగ, ఒకే కాంటాక్ట్. కాంటాక్ట్ అతుక్కపోతే మనిషి చెయ్యి తీసినా రోబో ఫ్రీడ్రైవ్‌లనే ఉంటది. అసలు మనిషిని కాపాడేది పెండెంట్ మీది మూడు స్థానాల బటనే. దాన్ని పక్కన పెట్టి, పుష్ బటన్‌తోనే పని కానియ్యాలని మోడ్ సెట్టింగులు తిప్పొద్దు.

కొత్తూరు_కోబాట్

అన్నా, ఇది కోబాట్ కదా, బలం హద్దు ఉన్నది, తగిలితే ఆగుతది. నేర్పేటప్పుడు ఒక చేత్తో పెండెంట్ పట్టుకుంటే ఇంకొక చెయ్యితోనే అంత పెద్ద రోబో చెయ్యి నడపాలె. గ్రిప్పర్ మీద బటన్ ఉంటే రెండు చేతులు అక్కడనే ఉంటయి. దాంట్ల కూడ భద్రత ఉన్నది.

పాలమూరు_సేఫ్టీ

రెండు చేతుల మాట ఒప్పుకుంటున్న. బటన్ ఉండొద్దు అంటలేను, సరైన బటన్ పెట్టమంటున్న. మూడు స్థానాల పరికరమే విడిగ దొరుకుతది, రెండు ఛానళ్లది. దాన్ని కాన్ఫిగరబుల్ సేఫ్టీ ఇన్‌పుట్ జంటకు కలిపి గ్రిప్పర్ దగ్గర బిగించొచ్చు. జంటల ఒక తీగ ఊడితే కంట్రోలర్ పట్టుకుంటది. పుష్ బటన్‌కు అది చేతకాదు.

బలం హద్దు రోబో చెయ్యికి మాత్రమే. దాని చివర ఉన్న ప్లేటు అంచు పదునుగ ఉంటే ఆ హద్దు వేళ్లను కాపాడదు. ఐఎస్ఓ 10218 అనే రోబో భద్రతా ప్రమాణంల చేత్తో నడిపే పద్ధతిని చెప్పేకాడ అనుమతి పరికరం ఉన్న పట్టు రోబో చెయ్యి చివర, గ్రిప్పర్‌కు దగ్గర ఉండాలన్న షరతు ఉన్నది. ఇంతకుముందు విడిగ ఉన్న కోబాట్ పత్రం ఐఎస్ఓ టీఎస్ 15066, 2016ల వచ్చింది, ఇప్పుడు 2025 కూర్పుల 10218తోనే కలిసింది. పాయింట్లు నేర్పుడు వేరు, ఉత్పత్తిల రోజంతా చేత్తో నడుపుడు వేరు. రెండోది చేస్తే రిస్క్ అసెస్‌మెంట్ మళ్ల రాయాలె.

కొత్తూరు_కోబాట్

సరే అన్నా, సేఫ్టీ ఇన్‌పుట్‌కు కలిపిన మూడు స్థానాల బటన్ అంటే నాకు అభ్యంతరం లేదు.

నల్గొండ_కంట్రోల్స్

మూడో ఇబ్బంది మిగిలింది. గోడ తగిలినట్టు ఆగడానికి నాలుగు కారణాలుంటాయి, నాలుగింటికీ లక్షణం వేరు.

సేఫ్టీ ప్లేన్ (దాటవద్దని సెట్టింగులలో గీసిన కనబడని గోడ) అయితే చెయ్యి ఏ భంగిమలో వచ్చినా ఒకే గీత దగ్గర నెడుతుంది. జాయింట్ హద్దు అయితే ఒక జాయింట్ కోణం మీద ఆధారపడుతుంది. మూవ్ ట్యాబ్‌లో ఆరు కోణాలు చూస్తూ నెట్టండి, ప్రతిసారీ ఒకే అంకె దగ్గర ఆగే జాయింట్ ఏదో తెలుస్తుంది. సింగులారిటీ (జాయింట్లు ఒక దిశలో కదలలేని భంగిమ) అయితే భంగిమ మార్చి అదే చోటికి వస్తే పోతుంది. ఎల్బో పూర్తిగా చాపినప్పుడు, రిస్ట్ 2 సున్నాకు దగ్గరైనప్పుడు, రిస్ట్ సరిగ్గా బేస్ ఇరుసు మీదికి వచ్చినప్పుడు ఇది వస్తుంది. కొన్ని దిశలను మాత్రమే వదిలిన ఫ్రీడ్రైవ్‌లో ఎక్కువ తెలుస్తుంది, కాబట్టి ఫ్రీడ్రైవ్ ప్యానెల్‌లో ప్లేన్ లేదా ట్రాన్స్‌లేషన్ ఎంపిక అయి ఉందేమో చూసి, అన్నీ ఫ్రీగా పెట్టి ప్రయత్నించండి. నాలుగోది గాలి పైపు. పైపు బిగుసుకుంటే రబ్బరు లాగినట్టు మెల్లగా బరువు పెరుగుతుంది, గోడలా ఒక్కసారిగా రాదు.

మీరు గోడ అన్నారు, అదీ కన్వేయర్ వైపు. నా అంచనా సేఫ్టీ ప్లేన్. గ్రిప్పర్ మార్చినప్పుడు సేఫ్టీలో టూల్ పొజిషన్ గోళం (గ్రిప్పర్ చుట్టూ ఊహించుకునే గుండ్రని హద్దు) వ్యాసార్థం పెంచి ఉంటారు, ప్లేన్ మాత్రం పాత చోటే ఉండిపోయి ఉంటుంది.

జడ్చర్ల_ప్యాకింగ్

చూసినం. కన్వేయర్ ముందట ప్లేన్ ఉన్నది. టూల్ గోళం వ్యాసార్థం 150 మిల్లీమీటర్లు ఉన్నది, పాతది 80 ఉండె. అందుకే 70 మిల్లీమీటర్లు ముందే ఆగుతుంది. ప్లేన్ జరపొచ్చా?

పాలమూరు_సేఫ్టీ

ప్లేన్ ఎందుకు పెట్టిన్రో తెలుసుకోకుండ జరపొద్దు. కన్వేయర్ అవతల మనిషి నిలబడే చోటు ఉంటే ఆ 70 మిల్లీమీటర్లు ఆయనవి. ముందు గోళం సరిగ్గ కొలువు. గ్రిప్పర్ నిజంగ ఫ్లాంజ్ మధ్య నుంచి ఎంత దూరం పోతదో టేపు పెట్టి చూడు. 150 అవసరం లేకుంటే గోళాన్నే తగ్గించు. మార్చితే సేఫ్టీ చెక్‌సమ్ (సేఫ్టీ సెట్టింగుల గుర్తు అంకె) మారుతది, దాన్ని రాసి పెట్టు. మందుల ప్లాంట్ల అయితే మార్పు కాగితం ముందు, మార్పు తర్వాత.

మిర్యాలగూడ_మిల్లు_టెక్

కరెంటు పోయినప్పుడు సంగతి కూడా ఇక్కడే అడుగుతాను. ఎండాకాలం గాలిదుమారానికి లైను పోయి, చెయ్యి ఒక పెట్టెలో ఇరుక్కుంటే ఎట్లా తీయాలి? బ్రేకులు పడిపోయి ఉంటాయి కదా.

నల్గొండ_కంట్రోల్స్

కరెంటు తిరిగి వస్తే సులువు. పెండెంట్‌లో ఆన్ నొక్కితే చెయ్యి ఐడిల్ స్థితికి వస్తుంది, బ్రేకులు ఇంకా పట్టే ఉంటాయి. అక్కడ స్టార్ట్ నొక్కకుండా ఫ్రీడ్రైవ్ బటన్ పట్టండి, స్థితి బ్యాక్‌డ్రైవ్ అని మారుతుంది. మీరు నెట్టిన జాయింట్ బ్రేకు మాత్రమే విడుస్తుంది, మిగతావి పట్టి ఉంటాయి. కొంచెం బరువుగా ఉంటుంది గాని ఇరుక్కున్న చెయ్యిని తీయడానికి ఇదే సరైన దారి.

అసలు కరెంటే లేకపోతే, మనిషి ఇరుక్కున్నప్పుడు మాత్రమే, బలంగా తోయాలి. బ్రేకుల్లో రాపిడి క్లచ్ ఉంటుంది, చాలా బలంగా తోస్తేనే జారుతుంది. ఒక్కరి వల్ల కాకపోవచ్చు, ఇద్దరు ఎక్కడ పట్టి ఎటు తోయాలో ముందే నేర్పి పెట్టండి. పెట్టె ఇరుక్కుంటే ఈ పని చేయకండి, జాయింట్ దెబ్బతినొచ్చు.

కొత్తూరు_కోబాట్

మౌంటింగ్ గురించి కూడ చెప్పి పెడుత, తరువాత వెతికేవాళ్లకు అక్కరకొస్తది. చక్రాల ట్రాలీ మీద చెయ్యి పెట్టి, నీళ్లు పోయే వాలు ఉన్న నేల మీదికి తీసుకపోతే బేస్ వాలుతది. వందకు ఒకటి వాలు అంటే అర డిగ్రీ మాత్రమే. 20 కిలోల కదిలే బరువు 0.6 మీటర్ దూరంల ఉన్నదనుకుంటే బేస్ మీద 1.2 న్యూటన్ మీటర్లు, అది రాపిడిలనే పోతది. 5 డిగ్రీలు వాలితే 10 దాటుతది, అప్పుడు బేస్ తిరుగుడు కనబడుతది. ఏటవాలు స్టాండుకైతే మౌంటింగ్ పేజీల కోణం రాయకుండ ఫ్రీడ్రైవ్ ముట్టుకోవద్దు. బేస్‌కు నాలుగు ఎం8 బోల్టులు 20 న్యూటన్ మీటర్లకు, గ్రిప్పర్‌కు నాలుగు ఎం6 బోల్టులు 8కి బిగించాలె. వదులైన బోల్టు కూడ జారినట్టే అనిపిస్తది.

ఇవన్ని సరిగ్గ ఉన్నా జారితే గ్రిప్పర్ ఊడదీసి, పేలోడ్ సున్నా పెట్టి ఉత్త చెయ్యితోని చూడాలె. అప్పుడు కూడ జారితేనే జాయింట్ సున్నా స్థానం, జాయింట్ మార్పు మాట. ఈ వరుస వేరే కంపెనీల కోబాట్‌లకు కూడ పనికొస్తది, బటన్ల పేర్లు మారుతయి అంతే.

జడ్చర్ల_ప్యాకింగ్

ప్రోగ్రామ్ వెతికినం. బిఫోర్ స్టార్ట్‌ల ఒకటి, వదిలినంక ఒకటి, రెండు చోట్ల 1.2 ఉన్నది. ఆ రెండు చోట్ల 3.14, పట్టినకాడ కార్టన్ కలిపి లెక్క కట్టి 5.54 పెట్టినం. మూడు గంటలు నడిపి ఆపి చూసినం, యాక్టివ్ పేలోడ్ 3.14 చూపిస్తుంది, చెయ్యి చాపి వదిలితే జారుతలేదు. ప్రొటెక్టివ్ స్టాప్ ఒక్కటి కూడ రాలేదు.

వైరు ఎల్బో దగ్గర తెగుతున్నది, లైటు మిణుకుమన్నది. పుష్ బటన్ తీసేసినం, రెండు ఛానళ్ల మూడు స్థానాల బటన్‌కు ఇండెంట్ పెట్టినం. అది వచ్చేదాక పెండెంట్‌తోనే నేర్పుతం.

గ్రిప్పర్ టేపు పెట్టి కొలిస్తే మధ్య నుంచి 118 మిల్లీమీటర్లు వచ్చింది. గోళం 125 పెట్టడానికి మార్పు కాగితం రాసినం, ప్లేన్ ముట్టలేదు. షోల్డర్ జాయింట్ ఆర్డర్ ఆపమని చెప్పినం.

చౌటుప్పల్_ఎలక్ట్రికల్

కొత్త బటన్ కలిపేటప్పుడు రెండు ఛానళ్లను ఒక్కొక్కటిగా ఊడదీసి చూడండి. ఏది ఊడినా చెయ్యి ఆగాలి. పైపును, కేబుల్‌ను ఒకే జిప్ టైతో కట్టవద్దు, గాలి ఎక్కినప్పుడల్లా పైపు బిగుసుకుని కేబుల్‌ను లాగుతుంది.